పట్టాల మీద పిడికెడు ఇసుక

మొన్న బేస్తవారం మా పెద్దబాపు పోయిండు. ఇంత దుఃఖానికి తగిన గంభీరమైన భాష నా డిగ్రీలో ఎక్కడా నేర్పలేదు గనక, సమస్త పాఠకలోకానికి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ కోరుకుంటున్న.

ఆయన జనగామ స్టేషన్‌లో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆఖరి డబ్బా వెనుక ఉండే గుర్తు కండ్లార చూస్తే తప్ప బండి పూర్తిగ వచ్చిందనేటోడు కాదు. ఇంట్లోనూ అదే పద్ధతి. తొర్రూరు నుంచి మా మేనత్త బలగం బస్సు దిగుతుంటే, "వచ్చిండ్రా?" అని మా అవ్వ అడిగేది. ఆఖరి పిల్లగాడు దిగేదాక ఈయన నోరు విప్పడు. "చూడంది నేను చెప్పనమ్మా" అనేటోడు.

అట్లాంటి మనిషి, అరవై తొమ్మిది ఉద్యమం చల్లబడ్డంక, రైల్వే పాసు మీద డార్జిలింగ్ పోయొచ్చిండు. ఆయన చెప్పిన అక్కడి గుట్ట రైలు సంగతి మా వీధి చాయ్ హోటల్ల ఏండ్లకేండ్లు నడిచింది.

"పట్టాల నడుమ రెండడుగుల జాగనే. బండి జర ముందటికి పోతది, ఆగి ఎనుకకు పోతది, గట్లనే గుట్టెక్కుతది. ఇంజను ముందట ఒకాయన కూసోని, చక్రం జారకుండ పిడికెడు పిడికెడు ఇసుక పోస్తడు."

"ఎనుకకు పోతే పైకెట్ల పోతదన్నా?" అనేటోడు కిరాణం సేటు. "ఇసుకేనా, ఉప్పు కారం గూడ చల్లుతరా?"

హోటలంతా నవ్వేది. అందరికంటే గట్టిగ నవ్వింది నేనే. ఎందుకో ఇప్పటికీ సమజ్ కాదు. ఆయనంటే నాకు ప్రాణం.

నేను వరంగల్ కాలేజీల చేరినంక ఒకనాడు పక్కకు పిలిచిండు. "కొడుకా, మీ లైబ్రరీల గా రైలు పుస్తకం ఉంటదేమో చూడు. ఒక్క బొమ్మ దొరికినా చాలు. నేను అబద్ధాలకోరును కాదురా."

వారానికి తిరిగొచ్చి, హోటల్ల అందరి ముందర చెప్పిన. "రైలుంది పెద్దబాపూ. ఇసుక పోసేటాయనే లేడు."

సేటు పొట్ట పట్టుకొని నవ్విండు. పెద్దబాపు కోప్పడలేదు. "మరి నేను చూసిందేందిరా?" అని నన్నే అడిగిండు. ఆ తర్వాత డార్జిలింగ్ మాట ఆయనంతట ఆయన ఎత్తలేదు. ఎవరన్న కదిలిస్తే, "పోయిననే అనుకుంట" అనేటోడు. బండి చివరి గుర్తును కోసు దూరంనుంచి పట్టే మనిషి, తను పోయిండో లేదో తనకే తెల్వనట్టు మా మొఖాలు చూసేటోడు.

బొమ్మ ఉంది. పేజీ నిండ ఉంది. ఇంజను ముందట తలకు రుమాలు కట్టుకున్నాయన, పట్టా మీదికి వంగి, వేళ్ల సందుల నుంచి ఇసుక వదులుతున్నడు. చాలాసేపు చూసిన. పుస్తకం మూసి, బస్సెక్కి వచ్చి, లేడని చెప్పిన.