చెంగమ్మ పాలలో లేని నీళ్లు

2022 వేసవి. తిరుపతిలో ముగ్గురం కలిసి నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. పుత్తూరు, నగరి మధ్య పల్లెల్లోని కొన్ని పాల కేంద్రాలకు ప్రోగ్రాం రాసిచ్చాం. పాలు పోయగానే మిషన్ ఫ్యాట్ చూస్తుంది, అంటే వెన్న శాతం. ఆ అంకె మా ప్రోగ్రాంకు చేరుతుంది, పోసినవాళ్ల చేతికి చీటీ వస్తుంది. పది రోజులకోసారి ప్రోగ్రాం సగటు తీసి, మూడుకన్నా తగ్గినవాళ్ల పేర్లు ప్రింటు ఇస్తుంది. దాన్ని కేంద్రం గోడకు అతికిస్తారు. కాగితం మీద ‘తక్కువ ఫ్యాట్’ అనే ఉంటుంది గానీ, ఊళ్లో అది నీళ్లు కలిపినవాళ్ల జాబితా.

ఒకరోజు ఒక కేంద్రం నడిపే మునిరత్నం ఫోన్ చేశాడు.

"సార్, చెంగమ్మ అని ఒకామె. రెండుసార్లు పేరొచ్చినాది. ఇంకోసారొస్తే ఆమె పాలు తీసుకోకూడదని రూలు. ఆమేమో మిషనే తప్పంటా ఉండాది."

"మిషన్ అబద్ధం చెప్పదు లెండి," అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు చెంగమ్మే పని మానుకుని తిరుపతి వచ్చింది. రెండు ఆవులున్న మనిషి. నెల కిందటే నగరిలో మరమగ్గాల షెడ్డులో పనికి చేరిందట. సంచిలోంచి చీటీల కట్ట తీసి నా బల్ల మీద పెట్టింది.

"సూడండి సార్, యా చీటీలోనన్నా నాలుక్కి తగ్గిందేమో. నీళ్లు కలిపేదాన్నయితే వీటిని దాచిపెట్టుకుంటానా? షెడ్డులో పక్క మగ్గమోళ్లు బోరు నీళ్లా, కొళాయి నీళ్లా అని అడగతా ఉండారు."

చీటీలన్నీ నాలుగు, ఆ పైన. కంప్యూటర్లో సగటు మాత్రం రెండున్నర దాటి కొంచెం. రెండూ ఒకే మిషన్ చెప్పిన అంకెలే కదా, ఎక్కడ విడిపోయాయి? నాకు కుతూహలం పట్టుకుంది.

మరుసటి రోజు తెల్లవారేసరికి కేంద్రం దగ్గరున్నాను. వరుసలో మొదట చెంగమ్మ. నగరి బస్సు అందుకోవాలి కాబట్టి రోజూ ఆమే మొదలని మునిరత్నం చెప్పాడు. మిషన్ వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆమె తొందర చూసి అతను ముందే పాలు పోశాడు. తెర మీద ఏమీ రాలేదు.

"మొదటిసారి ఇట్లనే సార్," అంటూ మళ్లీ పోశాడు. నాలుగు పాయింట్ ఒకటి. చీటీ వచ్చింది.

లాప్‌టాప్ తెరిచి చూస్తే ఆమె పేరున రెండు నమోదులున్నాయి. ఒకదాంట్లో 4.1, ఇంకోదాంట్లో ఖాళీ.

మేము రాసింది జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో. ఒక సమాచారం సంఖ్యా, అక్షరమా అన్నది చెప్పేదాన్ని టైప్ అంటారు. టైప్ కలవకపోతే కొన్ని భాషలు పని ఆపి మొండికేస్తాయి. దీనికి మొహమాటం ఎక్కువ. ఏదిచ్చినా తనే మార్చుకుని సర్దుకుపోతుంది. దాన్ని ఇంప్లిసిట్ కన్వర్షన్ అంటారు. సగటు కోసం ఫ్యాట్‌ను లీటర్లతో హెచ్చవేయమన్నాం. ఖాళీని ఎలా హెచ్చవేయాలని అది మమ్మల్ని అడగలేదు, సున్నా అనేసుకుంది. పొద్దున రెండు నమోదులు, సాయంత్రం ఆమె వచ్చేసరికి మిషన్ వేడెక్కి ఉంటుంది కాబట్టి ఒకటే, ఆ మూడింట్లో ఒక సున్నా. అలా చెంగమ్మ పాలలో నీళ్లు కలిపింది నేను.

ఆమెకు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "తెలీకపోతే తెలీదనాల గానీ, సున్నా అని ఎట్లా రాస్తాది సార్?" అంది. ముగ్గురు ఇంజినీర్లం ఎన్నడూ అడగని ప్రశ్న అది.

మునిరత్నం గోడ మీది కాగితం చింపబోయాడు.

"ఉండప్పా," అంది. "అంటించినప్పుడు ఊరంతా సూసినాది. చింపితే ఎవురు సూస్తారు? సారే అందరి ముందర చెప్పాల."

"బస్సు పోతుందమ్మా," అన్నాను.

"పోనీ సార్. ఇంకోటొస్తాది."

పాల క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్ల ముందు, తప్పు ఆమె పాలది కాదు, నా ప్రోగ్రాందని చెప్పాను. ఆ తర్వాతే ఆమె కాగితం చింపనిచ్చింది.

మూడో జాబితా వచ్చేలోపే ప్రోగ్రాం మార్చాం. ఇప్పుడు అంకె కానిదేదీ లెక్కలోకి పోదు, ఖాళీ వస్తే తెర మీద ‘తెలియదు’ అని పడుతుంది. అడగకుండా సర్దుకుపోయే ప్రోగ్రాంను చూస్తే అప్పటి నుంచి నాకు భయం. ఆ సర్దుబాటు ఎవరి నెత్తిన పడుతుందోనని వెతుకుతాను.

మార్చిన మర్నాడు మళ్లీ వెళ్లాను. మిషన్ ఇంకా వేడెక్కలేదు. తెర మీద పడిన మాటను చెంగమ్మ కూడబలుక్కుని చదివింది.

"ఇప్పుడు నిజం చెప్పినాది," అని క్యాన్ కింద పెట్టి, మిషన్ వేడెక్కేదాకా నిలబడింది.