కేబుల్‌కి పెట్టిన చందనం

ఓడల సరుకు కాగితాలు చూసే విశాఖ ఆఫీసొకదానిలో అప్పుడే చేరాను. నా చేతులతో బిగించిన మొదటి సర్వర్ అది. పదకొండింటికి పని మొదలవ్వాలి. పదిన్నరైనా నెట్‌వర్క్ కార్డు దగ్గర లైటు వెలగలేదు. కేబుల్‌ని గుర్తించలేకపోతున్నానని తెర మీద వస్తోంది.

కార్డు ఒక కంపెనీది, కేబుల్ ఇంకో కంపెనీది. రెండింటికీ పొసగలేదనుకుని, కేబుల్ కొనితెచ్చిన మా అటెండరు అప్పలనాయుడు గారిని అందరి ముందూ కసిరాను.

"నేను రాసిచ్చిందొకటి, మీరు తెచ్చిందొకటి."

మా నాన్న వయసున్న ఆయన జేబులోంచి నా చీటీ తీసిచ్చారు. కేబుల్ మీద నంబరూ అదే. సిగ్గుతో కేబుల్ లాగి చూస్తే, కొన మీద పచ్చగా ఏదో ఎండి ఉంది.

"ఇదేంటి నాయుడు గారూ?"

"సింహాచలం అప్పన్న సామి చందనం తల్లీ. నీకిది మొదటిది కదా, ఆగకుండా నడవాలని కూసింత ఎట్టినాను. ఏటి, తప్పయిపోనాదా?"

స్పిరిట్‌తో తుడిచి పెట్టగానే ఆకుపచ్చ లైటు వెలిగింది.

"ఏమైందమ్మా?" అన్నారు మేనేజరు గారు.

"కార్డుకీ కేబుల్‌కీ కాస్త పొసగలేదండీ. సర్దాను."

అప్పట్నుంచీ కొత్త మెషీను ఎప్పుడొచ్చినా నాయుడు గారు చందనం గిన్నెతో నా దగ్గరికే వస్తారు.

"ఎక్కడెట్టమంటావు తల్లీ?"

మెషీన్లుండే బీరువా తలుపు చూపిస్తాను. ఆనాడు కసిరినందుకు క్షమించమని ఇంతవరకూ అడగలేకపోయాను. తలుపుకి పెట్టడం అయ్యాక నా నుదురు కూడా ముందుకు చాపుతాను.