బావను కిడ్నీ అడిగిన రోజు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నింటిలోకీ పెద్దది, ఒక స్కాన్ రిపోర్టును సొంతంగా చదవడం. వినండి గానీ నవ్వడానికి తొందరపడకండి. ఆ రోజున నాకు నవ్వు రాలేదు.

ఆరేళ్ల కిందట ఎడమ డొక్కలో నొప్పి వస్తే నరసన్నపేటలో స్కాన్ తీయించుకున్నాను. రిపోర్టులో నాకు అర్థమైన ఇంగ్లీషు ముక్క ఒక్కటే: కిడ్నీ. ఊరూరా కిడ్నీ జబ్బుతో జనం పోతున్న మా జిల్లాలో ఆ మాట వింటే చాలు, హడలిపోతాం. డాక్టరు శ్రీకాకుళంలో సర్జన్‌కు చూపించుకోమన్నాడు. ఎందుకని నేను అడగలేదు. నా కిడ్నీ పోయిందని నేనే తేల్చేసుకున్నాను.

నా భార్య సత్యవతికి చెప్పే ధైర్యం లేక, తిన్నగా మా అక్క మొగుడు రామ్మూర్తి బావ దగ్గరకు వెళ్లాను. ఏదో పాత తగాదాతో మాకు నాలుగేళ్లుగా మాటల్లేవు. ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపని మాత్రం గుర్తుంది. బావ కళ్లంలో ధాన్యం తూర్పారబోస్తున్నాడు. ఎదురుగా నిలబడి, నా కిడ్నీ పాడైంది, నీది ఒకటి ఇస్తావా అని అడిగేశాను. నాలుగేళ్ల తర్వాత నా మొదటి పలకరింపు అది.

బావ చేట కింద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"మీ అక్కకి సెప్పకు, ఏడుస్తాది. ఎప్పుడు రావాలో సెప్పు," అన్నాడు.

మర్నాడు ఇద్దరం సర్జన్ ముందు కూర్చున్నాం. రక్తం తీస్తారేమోనని బావ పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. సర్జనమ్మ రిపోర్టు చూసి కిడ్నీలు రెండూ శుభ్రంగా ఉన్నాయంది. కిడ్నీ మీద టోపీలా అడ్రినల్ అనే గ్రంథి ఉంటుందట. ఎడమవైపు దానికి నీటితిత్తి పట్టిందట. క్యాన్సర్ లక్షణాలు లేవు గానీ, బత్తాయంత పెరిగి నొప్పి పెడుతోంది కనుక, హార్మోన్ పరీక్షలు చేసి, మూడు చిన్న చిల్లులు పెట్టి, కెమెరాతో చూస్తూ తీసేస్తానంది.

బావ నెమ్మదిగా అడిగాడు.

"అయితే నాది అక్కర్లేదేటమ్మా?"

ఆపరేషనై మూడో రోజుకి ఇంటికొచ్చాను. బావా నేనూ మళ్లీ మాట్లాడుకుంటున్నాం. సంగతంతా విన్న సత్యవతి మాత్రం మంచం పక్కన నిలబడి ఒక్కటే అడిగింది.

"మాటల్లేని మనిషిని అడిగినావు. ఇంట్లో ఉన్నదాన్ని, నాది పనికిరాదేటి?"

ఆ తర్వాత నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. చిల్లులు వారంలో మానాయి.

అందుకని దేవుడి పటం ముందు నిలబడి ప్రమాణం చేశాను. డాక్టరు నోట వినందే నాకు ఏ రోగమూ ఉందనుకోను. ఎప్పుడైనా నిజంగానే అవయవం కావలసి వస్తే, మొదటి దరఖాస్తు నా భార్యకే పెట్టుకుంటాను.