పొలం పారని కాలువ

1956 చలికాలంలో నేను బోధన్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. పేపర్ల నిండా సూయజ్ కాలువ గొడవే. మా సోషల్ సారు దాని మీదే డిబేటు పెట్టారు. ఆ కాలువ ఈజిప్టుదా, అన్ని దేశాలదా? నా వంతుకు ఈజిప్టు వచ్చింది.

అప్పటిదాకా నేను నలుగురి ముందు నోరు విప్పింది చర్చిలో వాక్యం చదవడానికే. ఇంట్లో ఉపన్యాసం వల్లె వేస్తుంటే ప్రతి పేరా చివరా "ఆమెన్" వచ్చేసేది. రొట్టెలు చేస్తూ వింటున్న మా అవ్వకు అనుమానం వచ్చింది.

"గా ఈజిప్టోల్లు బైబిల్ల దేవుని ప్రజలతోని ఇటుకలు చేయించినోల్లే గదనే? గసుంటోల్ల దిక్కు మాట్లాడుతవా?"

పోటీనాడు ఫ్యాక్టరీకి వచ్చిన చెరుకుబండ్ల వరస మా బడి గోడ దాకా ఉంది. వంతు కోసం ఎదురుచూస్తున్న రైతులు కూడా వచ్చి కూర్చున్నారు. నాకు పోటీగా పదో తరగతి అబ్బాయి ప్రపంచ వాణిజ్యం గురించి గడగడా చెప్పి దిగాడు. నేను రెండు వాక్యాలు అన్నానో లేదో, రుమాలు చుట్టుకున్న ఓ ముసలాయన లేచాడు.

"బిడ్డా, గా కాలువ కింద ఎన్ని ఎకరాలు పారుతది?"

"ఒక్క ఎకరం గూడ పారది తాతా. ఉప్పు నీల్లు. ఓడలు పోతయి."

"పొలం పారని కాలువకు గింత కొట్లాటా?"

అందరూ ఘొల్లుమన్నారు. బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. నోటికొచ్చింది అనేశాను.

"కాలువ గాదు, బాట అనుకో తాతా. నీ చేను నడుమ నుంచి బాట. మట్టి మోసింది మీ తాతలు. పక్కోల్లు బండ్లు నడుపుకుంట పెత్తనం గూడ మాదే అంటే ఊకుంటవా?"

"ఎట్ల ఊకుంట?" అని ముసలాయన గర్జించాడు.

వెనక నుంచి ఇంకో రైతు లేచాడు. "ఓహో! గందుకేనా పోయినేడు నా చెరుకుబండి ఆపినవ్?"

ఇద్దరివీ పక్కపక్క చేలట. హెడ్‌మాస్టరు గంట కొట్టించేదాకా వాళ్లు ఆగలేదు. బహుమతి ఆ అబ్బాయికి వెళ్లింది. సారు మాత్రం నన్ను పిలిచి, "కొట్లాట పెట్టినవ్ గనీ, మొదటిసారి మనుషుల మొఖం చూసి మాట్లాడినవ్" అన్నారు.

ఆదివారం ఆ ముసలాయన మా ఇంటికొచ్చాడు. బాట పంచాయితీలో తన తరఫున మాట్లాడటానికి నన్ను పంపమని మా బాపును అడిగాడు. బాపు నవ్వు ఆపుకుంటూ తానే నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

పెద్దమనుషుల ముందు ముసలాయన పక్షం గట్టిగానే చెప్పాను. ఆయన మీసం దువ్వుకున్నాడు. అయితే ముగించే ముందు ఎదుటివాడి వాదన కూడా వాడికంటే బాగా చెప్పాలని సారు నేర్పారు. చెప్పాను.

"గిది గూడ ఇన్సాఫే, న్యాయమైన మాటే" అని పెద్దమనుషులు తలలూపారు. చెరుకు కొట్టే రోజుల్లో పక్కవాడి బండిని ఆ బాటన పోనివ్వాలని తీర్పు చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు ముసలాయన మా ముందు నడిచాడు. తన చేను రాగానే ఓ చెరుకుగడ విరిచి నా చేతిలో పెట్టాడు.

"మొదటి సగం మస్తు మాట్లాడినవ్ బిడ్డా" అన్నాడు.