పాట కూర్చునే చోటు

మాదాపూరులోని ఒక ఆడియో దుకాణంలో లింగమూర్తి చేసే ఉద్యోగానికి పేరంటూ లేదు. పెట్టెలు మోసేవారు వేరు, తీగలు లాగేవారు వేరు. వారి పని ముగిసిన పిమ్మట కొనుగోలుదారు ఇంటికి వెళ్లి, ఆ ఇంటివారు రోజూ పాట వినే కుర్చీలో కూర్చుని, కళ్లమీద తువ్వాలు కప్పుకొని వినడం ఆయన పని. పాట రెండు స్పీకర్లలో ఏ ఒక్కదాని నుంచీ రాకూడదు. ఆ రెండింటి నడుమ ఖాళీగా ఉన్న గోడ దగ్గర గాయని కూర్చుని పాడుతున్నట్లు తోచాలి. అందుకోసం ఏ పక్క స్పీకరు ఎంత పలకాలో సరిచేసే, ఆంప్లిఫయర్ మీది బ్యాలెన్స్ నాబ్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి, సరిపోయిన క్షణాన తువ్వాలు తీసి, "కూసున్నది" అనేవాడు. ఆయన ఆ మాట అననిదే దుకాణం యజమాని పని పూర్తయినట్లు ఒప్పుకొనేవాడు కాదు.

సిద్దిపేట వైపు నుంచి వచ్చి మూసాపేటలో రేడియోలు బాగుచేస్తూ సంసారం నెట్టుకొచ్చిన మనిషి లింగమూర్తి. గుట్టలు కొట్టి అపార్టుమెంట్లు కట్టి, వాటి హాళ్లలోకి మనిషెత్తు స్పీకర్లు చేరడం మొదలైనప్పుడు ఆయన చెవికి కొలువు దొరికింది. అయితే ఆ చెవి పగలు మాత్రమే దుకాణానిది. సాయంత్రమైతే అది మూసాపేట చౌరస్తాలోని తెలంగాణ దీక్షా శిబిరానిది. ఉద్యమం రాజుకున్న చలికాలం నుంచీ అక్కడి మైకు సెట్టు బాధ్యత ఆయనదే. గుడారపు కర్రకు కట్టిన లౌడ్‌స్పీకరు హారన్ కిందనే ఆయన బల్ల. హారన్ నోరు ఆయన ఎడమ చెవికి మూరెడు దూరం. ఉపన్యాసం కాస్త మెత్తబడితే చాలు, శిబిరం నడిపే ఎల్లేశం వేదిక మీది నుంచే కేక వేసేవాడు.

"అన్నా, జర పెంచు! కూకట్‌పల్లి దాంక వినబడాలె!"

లింగమూర్తి పెంచేవాడు. హారన్‌లో మాధుర్యం ఉండదని ఆయనకు తెలుసు. గొంతును దూరం తోలడానికి చేసిన వస్తువది. అక్కడ కావలసింది కూడా అదే.

సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సులు నిలిచాయి, బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. ఖాజాగూడలోని శ్రీనివాసులు ఇంట్లో తాను కూర్చోబెట్టి వచ్చిన పాట పక్కకు జరిగిందని లింగమూర్తికి ఫిర్యాదు అందింది. ఇటువంటి ఫిర్యాదు ఇదే మొదటిది కాదు. యజమాని ధ్వనిని కొలిచే మైకు ఒకటి అప్పటికే తెప్పించి ఉంచాడు.

"ఈ ఇల్లు గూడ కుదరకపోతే వినే పని ఇగ ఆ మైకుకే లింగన్నా. ఏమనుకోకు," అన్నాడు.

ఏమీ అనుకోవడానికి లింగమూర్తికి ఓపిక లేదు. పొద్దున్నే భార్య చంద్రమ్మ కూడా ఒక మాట అని ఉంది. "ఏందయ్యా, కుడి దిక్కు ఒత్తిగిలి పండుకుంటే ఎంత పిలిచినా పలుకవు?" అని అడిగితే, "నిద్ర పట్టింది తియ్," అని లేచి వచ్చాడు.

శ్రీనివాసులు అనంతపురం మనిషి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఒక కంపెనీకి మేనేజరు. తలుపు తీస్తూనే అందుకున్నాడు.

"రాప్పా లింగమూర్తీ. మీ సమ్మె పుణ్యమా అని బస్సులు పాయ, కరెంటు పాయ. ఇప్పుడు పాట గూడా కిటికీ పక్కకు పాయ."

"వోల్టేజి సరిగ లేకుంటే పాట ఒక దిక్కు గుంజుతది సార్," అన్నాడు లింగమూర్తి. పాత ఫిర్యాదులకూ ఆయన ఇదే సమాధానం చెప్పాడు. చెప్పి చెప్పి తానూ నమ్మాడు.

"చూడు, ఆయప్పే ఒప్పుకొంటాండాడు, సమ్మే కారణమని!" అన్నాడు శ్రీనివాసులు, హాల్లోకి తిరిగి.

బంద్ వల్ల ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్న ఆయన కూతురు రమ్య తల ఎత్తకుండానే నవ్వింది. "డాడీకి అన్నిటికీ సమ్మే అంకుల్. నిన్న పాలు విరిగితే కూడా మీవాళ్లనే తిట్టారు."

అంతలో కరెంటు పోయి, కింద జనరేటరు మొదలైంది. దీపాలు నిలకడగా వెలిగాయి. వోల్టేజి అన్న మాటకు ఇక తావులేదు. లింగమూర్తి కుర్చీలో కూర్చుని తువ్వాలు కప్పుకొన్నాడు. తంబురా, వెనుక వయొలిన్, వాటి ముందు గాయని. గోడ నడుమ, చక్కగా, కదలకుండా.

"కూసున్నది," అన్నాడు.

"లేదంకుల్. కిటికీ దగ్గరే ఉంది."

శ్రీనివాసులు కూతురి పక్కన నిలబడి చెవి ఒగ్గాడు. "కిటికీకాడనే గదప్పా! కర్టెను ఎనక దాక్కొని పాడినట్లుండాది."

లింగమూర్తి వెనుకగోడ అద్దాల నుంచి ధ్వని తిరిగి కొడుతున్నదేమోనన్న అనుమానంతో, అటువంటప్పుడు ఎప్పుడూ చేసేదే చేశాడు. కుర్చీని వెనక్కు తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి, మళ్లీ తువ్వాలు కప్పుకొన్నాడు. గాయని ఆయన వీపు వెనుక నడిమధ్యన ఉండాలి. లేదు. లేచిపోయి కిటికీ దగ్గర నిలబడింది. ముందుకు తిరిగాడు, నడుమకు వచ్చింది. వెనక్కు తిరిగాడు, కిటికీకి పోయింది.

స్పీకర్లు కదలలేదు. గోడ కదలలేదు. ఆ గదిలో తిరిగింది ఆయన తల ఒక్కటే. చెవులు రెండూ సమంగా ఉన్నవాడు ఎటు తిరిగినా పాట తన చోటు మార్చుకోదు.

తువ్వాలు తీయడానికి ఆయనకు మనసు రాలేదు. చంద్రమ్మ పొద్దున అన్న మాట, మూరెడు దూరంలోని హారన్ నోరు, ఆ చీకట్లో ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఎడమ చెవి సన్నని స్వరాలను ఎన్నడో వదిలేసింది. ఆ కొరత తీర్చడానికి ఆయన చేయి ప్రతి ఇంట్లోనూ నాబ్‌ను ఎడమకు జరుపుతూ వచ్చింది. నిజాంపేటలో, కొండాపూర్‌లో, ఆయన "కూసున్నది" అని లేచి వచ్చిన ఇళ్లన్నింటిలోనూ పాట ఒక పక్కకు ఒరిగే ఉంది. ఇప్పటికైనా వోల్టేజి మీదకు నెట్టి వెళ్లిపోవచ్చు. శ్రీనివాసులు నమ్ముతాడు; తిట్టుకోవడానికి ఆయనకు సమ్మె ఉంది. కానీ ఒరిగిన పాటను అలాగే వదిలిపెట్టి మెట్లు దిగడం ఎట్లాగో లింగమూర్తికి తెలియదు.

"బిడ్డా, నువ్వు గీడ కూసో," అన్నాడు లేస్తూ. "పాట నడిమికి రాంగనే చెప్పు."

రమ్య కళ్లు మూసుకొని వేలు చూపుతూ పోయింది. "కొంచెం ఇటు... ఇంకొంచెం... ఆఁ, అంతే. ఆపండి."

నాబ్ సరిగ్గా కంపెనీవారు చెక్కిన నడిమి గీత మీద ఆగింది. లింగమూర్తికి మాత్రం పాట కుడివైపు చెప్పుల స్టాండు దగ్గరకు వెళ్లిపోయింది.

"ఇదీ! ఇప్పుడు కుదిరె. ఏం జేస్తివప్పా?"

"మొన్న నా చెవికి సరిపెట్టిన సార్. ఇయ్యాల మీ చెవికి తిప్పిన."

"నీ చెవికేమాయ?"

"హారన్ కింద కూసున్న. రెండేండ్లాయె."

శ్రీనివాసులు కూతురిని కాఫీ తెమ్మన్నాడు. లింగమూర్తి తాగేంతసేపు ఇద్దరూ పాట విన్నారు, చెరొక చోట నుంచి.

"సాయంత్రం మళ్లా ఆడికేనా?" అని అడిగాడు శ్రీనివాసులు, తలుపు దాకా వచ్చి.

"ఆడికే సార్."

"దూదన్నా పెట్టుకో అప్పా."

కింద రాళ్లగుట్ట పక్కన స్కూటరు ఆపి, లింగమూర్తి యజమానికి ఫోను చేశాడు. "రేపు ఆ కొలిచే మైకు పట్టుకొని నిజాంపేటకు రా సేటూ. గాడికెళ్లి మొదలువెడదాం. ఇండ్లన్నీ నాకెరుకే, నేను చూపెడత." అవతలి మాట కోసం ఫోనును కుడి చెవికి మార్చుకొన్నాడు.

సాయంత్రం శిబిరంలో తన బల్లను హారన్ వెనుకకు లాగించి, మిగిలిన చెవిలో దూది కుక్కుకొన్నాడు. పాట, డప్పు, నినాదం అన్నీ చెరువు అవతలి ఒడ్డుకు పోయినట్లయ్యాయి. వేదిక మీద ఎల్లేశం నోరు కదిలింది. ఏమన్నాడో వినబడలేదు. పెంచమన్నట్లు అరచేయి పైకి ఎత్తి చూపించాడు.

లింగమూర్తి పెంచాడు.