చీటీ అంటించని పెట్టె

2009 డిసెంబరులో నేను తార్నాకలో ఒక చిన్న కంపెనీలో అసెంబ్లీ, టెస్టింగ్ సూపర్‌వైజరుగా ఉన్నాను. చదివింది అయిదో తరగతి. టంకం పెట్టడం అంతకు ముందు లాలాగూడలో రేడియోలు బాగుచేసే షెడ్డులో నేర్చుకున్నాను. సూపర్‌వైజరంటే పెద్ద హోదా కాదు. నా కింద నలుగురు ఆడపిల్లలు, నా పైన ఇంజనీరు ప్రసాద్ గారు. బోర్డు మీద భాగాలు అతికించడం మా పని. బోర్డులోని చిప్పు ఏం చేయాలో ప్రోగ్రాం రాయడం ఆయన పని. దాన్ని ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ అంటారు.

ఆయన తయారుచేసింది తీగల్లేని నీటి మీటరు. పైపుకున్న మామూలు మీటరుకు అరచేతంత బూడిదరంగు పెట్టె తగిలిస్తాం. మీటరు తిరిగినకొద్దీ అది లెక్క పెంచుకుంటుంది. బ్యాటరీ ఏళ్ల తరబడి రావాలి కనుక ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. పావుగంటకోసారి లేచి నంబరును రేడియోలో పంపి మళ్లీ పడుకుంటుంది. మన చేతిలో పట్టుకునే రీడరనే చిన్న యంత్రానికి ఆ నంబరు వస్తుంది. రీడరు నుంచి అందినట్టు జవాబు రాకపోతే కాసేపాగి మళ్లీ పంపుతుంది, మొత్తం మూడుసార్లు. ఆ తర్వాత ఇంకో పావుగంట ఉలకదు, పలకదు.

అనుమతి తీసుకుని యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక హాస్టలుకు కొన్ని పెట్టెలు పరీక్షకు బిగించాం. పంపేముందు రెండు తప్పులు చేశాం. పెట్టె లేచిందని బల్ల దగ్గర మాకు తెలియడానికి పెట్టిన ఎర్ర లైటును ప్రసాద్ గారు ప్రోగ్రాంలోంచి తీసేయడం మరిచిపోయారు. కంపెనీ పేరు, ఫోను నంబరుతో చీటీలు అచ్చువేయిద్దామని ఆయనంటే, నాలుగు పెట్టెలకు కట్టలకొద్దీ చీటీలు దండగని నేను ఆపించాను.

అంతలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రాజుకుంది. క్యాంపస్ గేట్ల దగ్గర ముళ్లకంచెలు, పోలీసు బండ్లు. క్యాంపస్ పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో మా ఇంటిదాకా బాష్పవాయువు వచ్చి కళ్లు మండేవి. కొన్నాళ్లు ఎవరూ పెట్టెల జోలికి పోలేదు. ఒక ఉదయం ప్రసాద్ గారు రీడరు తీసుకుని బయలుదేరారు. ఆయనది కాకినాడ. నోరు తెరిస్తే ఊరు తెలిసిపోతుంది. ఒంటరిగా పంపలేక నేనూ వెంట నడిచాను.

"సార్, మీరు గాడ మాట్లాడకున్రి. నేను మాట్లాడ్త," అన్నాను.

"మరి నన్నే అడిగితే ఏం చెయ్యమంటారండీ?"

"దగ్గున్రి."

హాస్టలు వెనక నీళ్ల నల్లాల దగ్గర పదిహేనుమంది దాకా విద్యార్థులు గుమిగూడి ఉన్నారు. బాష్పవాయువు వస్తే ముఖానికి కప్పుకోవడానికి మెడకు తడితువ్వాలు చుట్టుకున్న పొడుగాటి అబ్బాయి ఒకతను మా పెట్టె ముందు నిలబడ్డాడు. మమ్మల్నీ, రీడరునూ చూశాడు.

"ఏందిది? రెండ్రోజులాయె, ఎర్ర లైటు కొడుతున్నది. మా మాటలు పోలీసోళ్లకు ఇనిపిస్తున్రా?"

"నల్లా లెక్క చూసే డబ్బా బిడ్డా. గంతే."

"నల్లాకు యాంటెనా ఎందుకమ్మా? టీవీ చూస్తదా?"

ఒకరిద్దరు నవ్వారు. అతను నవ్వలేదు. పెట్టెను వంగి అన్ని వైపుల నుంచీ చూశాడు. దాని మీద ఒక్క అక్షరం లేదు. "పేరెందుకు లేదు? దాచిపెట్టేటోళ్లే పేరు రాయరు," అన్నాడు. వెనక ఎవరో మా దారికి అడ్డంగా వచ్చారు. ఇంకొకరు ప్రసాద్ గారి ఫోను లాక్కున్నారు.

"సార్ మాట్లాడడేంది?"

"గొంతు పట్టింది," అన్నాను. ఆయన దగ్గారు.

మీటరు ముఖం మీదున్న నంబరు చూసుకోమన్నాను. నల్లా తిప్పితే అది పెరుగుతుంది, పెట్టె లేచినప్పుడు రీడరులోనూ అదే నంబరు రావాలి, రెండూ కలిస్తే మమ్మల్ని వదిలేయాలి అన్నాను. అతను నల్లా తిప్పాడు. నీళ్లు మోరీ కాలవలోకి పోతుంటే చూడలేకపోయాను. "నీళ్లు పారబోయకున్రి, బకెట్లు తెండ్రి!" అని గదమాయించాను. ఇద్దరు తెచ్చారు కూడా. నిండిన బకెట్లలో కొందరు తువ్వాళ్లు ముంచుకున్నారు.

"ఎప్పుడు లేస్తది నీ డబ్బా?"

"పావుగంట లోపల."

"పావుగంటల పోలీసులు రావచ్చు గదా! గందుకేనా?"

ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. గేటు వైపు బాష్పవాయు గుండ్లు పేలిన చప్పుడు వినిపించింది. విద్యార్థులు అటోసారి, మా వైపోసారి చూశారు. ఆ పెట్టె సంగతి నాకొక్కదానికే తెలుసు. దాని బోర్డు మొదటి పరీక్షలో తప్పింది. పారేయడానికి మనసొప్పక, యాంటెనా తీగను నేనే మళ్లీ అతికించాను. ఆ టంకం సరిగా పట్టకపోయి ఉంటే నంబరు గాలిలోకే పోదు.

లైటు వెలిగింది. రీడరులో పాత నంబరే ఉంది. కాసేపాగి మళ్లీ వెలిగింది. మళ్లీ అదే.

"అబద్ధం!" అన్నారెవరో. అందరూ ఇంకా దగ్గరికి వచ్చారు. పెట్టెకూ రీడరుకూ మధ్య మనుషులు గోడలా నిలబడ్డారు.

అప్పుడు ప్రసాద్ గారు నోరు తెరిచారు. "బాబూ, దయచేసి కొంచెం పక్కకి జరుగుతారాండీ? మనుషులు అడ్డుంటే సిగ్నలు ఆగిపోద్దండీ!"

అందరూ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగారు. తువ్వాల అబ్బాయి ఆయన ముఖంలోకే చూస్తూ రెండడుగులు పక్కకు వేశాడు, మిగతావాళ్లూ జరిగారు. లైటు మూడోసారి వెలిగింది. రీడరులో నంబరు మారింది. అతను మీటరు దగ్గర వంగి ఒక్కో అంకె చదివాడు. రెండూ ఒకటే.

ప్రసాద్ గారి ఫోను తిరిగి ఇప్పించాడు. "గొంతు నయమైందా సార్? మీ డబ్బాలు ఇప్పుడే ఇప్పుకొనిపోండ్రి. గీ దినాలల్ల మళ్ల రాకున్రి," అన్నాడు. ప్రసాద్ గారు ఒక్కో పెట్టె విప్పి ఇస్తుంటే నేను కొంగులో వేసుకున్నాను.

ఆయన ఆ లైటు తీసేశారు. అయస్కాంతం దగ్గర పెడితే నిద్రలో ఉన్న పెట్టె అక్కడికక్కడే లేచి నంబరు పంపే ఏర్పాటు చేశారు. తర్వాత చేసిన మీటర్లన్నిటిలోనూ అది ఉంది. చీటీల పని నేను తీసుకున్నాను. ఇది నీటి మీటరు అని, ఎవరిదో, ఎవరికి ఫోను చేయాలో పెద్ద తెలుగు అక్షరాల్లో వేయించాను. రిటైరయ్యేదాకా పరీక్షకు పోయే పెట్టెనైనా చీటీ లేకుండా గడప దాటనివ్వలేదు. మొదటి పరీక్షలో తప్పిన బోర్డును అతికించి బయటికి పంపడం కూడా మానేశాను. అన్నిటా పొదుపు చేసే నేను ఆ రెండింటిలో మాత్రం చేయలేదు.