గొట్టం మీది చీటీ

మా మేడమ్ పోయారని బుకిట్ పంజాంగ్‌లోని వాళ్ళింటి నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. వెళ్ళేసరికి ఒక పెద్దమనిషి "మహా పరిశోధకురాలు" అంటూ కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఆవిడ ల్యాబ్ గుమ్మంలో ముక్కు మూసుకున్నవాడే. కానీ ఆయన్ని తిట్టే మొహం నాకూ లేదు.

ఆవిడ దగ్గర కీచురాళ్ళను పెంచడం నా పని. వాటి పొట్ట చీల్చి, గుడ్డు కణాలు తీసి చిన్న గొట్టాల్లో వేసేవాణ్ణి. ఆ కంపు నా చొక్కా పట్టుకుని రైలెక్కి సెంబవాంగ్‌లో మా ఇంటి దాకా వచ్చేది.

"ఏముంది మేడమ్ ఇందులో, చీమిడి తప్ప?"

"మధ్యాహ్నం జనం వచ్చేలోపు హాకర్ స్టాల్‌లో వంటవాడు పొయ్యిలు పెంచుకోడూ? గుడ్డు పెరగాలంటే బోలెడు ప్రొటీన్ వండాలి. వండే పొయ్యి రైబోజోమ్. ఆ పొయ్యి కట్టే జన్యువుకి లేత గుడ్డు ముందే వందల నకళ్ళు తీసి కుప్ప పోసుకుంటుందయ్యా."

గొట్టాల మీద చీటీలు ఆవిడే అంటించేవారు. "చీటీని నమ్మాలి. లేకపోతే పని సాగదు" అనేవారు.

అప్పుడు ఊరంతా కంప్యూటర్ల పిచ్చి. ఆ నకళ్ళ లెక్క తేలకపోతే మా గదిని సర్వర్లకు ఇచ్చేస్తామని కమిటీవాళ్ళు అన్నారు. నాకు సరిగ్గా అప్పుడే దురద పుట్టింది. లేత గుడ్ల గొట్టాలకు 'ముదురు' అని, ముదురు వాటికి 'లేత' అని ఆవిడ చీటీల మీద నా చీటీలు అంటించాను. ఓ పూట తికమకపడతారు, నవ్వుకుందామని. ఆవిడ తికమకపడలేదు. పాతవి తడిస్తే నేను మళ్ళీ రాశాననుకుని నమ్మారు.

కమిటీ ముందు లెక్క తలకిందులైంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ అటూ ఇటూ చూడకుండా, "చీటీలు తారుమారయ్యాయి. తప్పు నాదే" అన్నారు. వెనక నేను గోడకానుకుని నిలబడ్డాను, నోట్లో నాలుక ఉండి కూడా.

గది పోయింది. ఇప్పుడు అదే గదిలో సర్వర్ల దుమ్ము తుడుస్తున్నాను. చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. రోత.

ఆవిడ మాత్రం కనిపించినప్పుడల్లా "మకాన్ అయిందా?" అని నా భోజనం సంగతే అడిగేవారు. చీటీలు నేను కావాలనే మార్చానని తెలియదనుకున్నాను.

అంత్యక్రియలయ్యాక వాళ్ళమ్మాయి ఫ్రిజ్ తెరిచి పిలిచింది. "అంకుల్, దీన్ని థ్రో చేయనా? అమ్మ ఎవర్నీ టచ్ చేయనిచ్చేది కాదు."

పచ్చడి సీసా పక్కన ఒక గొట్టం. పైన నా వంకర అక్షరాల 'ముదురు' చీటీని ఎవరో గోటితో సగం దాకా ఒలిచి ఆపేశారు. కింద ఆవిడ గుండ్రటి రాతలో 'లేత' అని ఉంది.